రెండోసారి రాసిన పేరు

మా ఆయన పిన్హాస్‌ను సమర్కందు యూదుల పేటలో ఇప్పటికీ పుణ్యాత్ముడనే చెప్పుకుంటారు. ఆ పేరు ఆయనకు కట్టబెట్టింది ప్రార్థన మందిరం పెద్దలు కాదు, నేను. ఇల్లిల్లూ తిరిగి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పి, పదేళ్ళకు పైగా పేటను ఊదరగొట్టాను. నా నోటికి తాళం వేసేవాళ్ళు ఆ రోజుల్లో ఒక్కరూ లేకపోయారు. ఇప్పుడు నిజం చెబుతానంటే నమ్మేవాళ్ళు లేరు.

ఆయన మా ధర్మగ్రంథం తోరా రాసేవాడు. అచ్చు వేసింది కాదు. గొర్రె తోలు మీద, రెల్లు కలంతో, ఒక్కో అక్షరం పాత ప్రతిలో చూసుకుంటూ రాసి, తోళ్ళన్నిటినీ నరంతో కలిపి కుట్టి, కర్రలకు చుట్టే పుస్తకం. ఒక్కటి పూర్తి కావడానికి ఏళ్ళు పడుతుంది. మతం పనులు గిట్టని సర్కారు లెక్కలో మాత్రం ఆయన బూట్లు బాగుచేసే సంఘంలో పనివాడు. పొద్దున్నే వెళ్ళి ఊళ్ళోవాళ్ళ బూట్లకు అట్టలు వేసి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, చేతులు మోచేతుల దాకా తోముకుని కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చునేవాడు. వెలుతురు ఉన్నంతసేపే పని. చదువుకున్నవాడని పేటంతా ఆయన్ను ‘ముల్లో’ అని గౌరవంగా పిలిచేది. నేను మాత్రం తోళ్ళ కంపు భరించలేక సణుగుతూనే ఉండేదాన్ని. పెళ్ళినాడు మా అమ్మ రాసిన గులాబీ అత్తరు రెండు రోజుల్లో వదిలిపోయింది కానీ, ఆ గొర్రె వాసన ముప్పై ఏళ్ళైనా వదల్లేదు.

నాకు అక్షరం ముక్క రాదు. మా కాలంలో ఆడపిల్లలకు ఎవరు చెప్పారు కనుక? ఆయన పని గురించి నాకు తెలిసిందల్లా పెళ్ళైన మర్నాడు మా అత్త చెప్పిన ముక్క ఒక్కటే. రాసేటప్పుడు పలకరించకు, దేవుడి పేరు రాస్తున్నప్పుడు రాజొచ్చి సలాం చేసినా తల తిప్పకూడదు, అంది. మరి ఎప్పుడు పలకరించొచ్చో ఆ మహాతల్లి చెప్పలేదు, నేనూ అడగలేదు. కిటికీ దగ్గర కూర్చున్నంతసేపూ మొగుడు లేనట్టే అనుకుని, పెరట్లో నా తందూరు పొయ్యి దగ్గర నేను రొట్టెలు కాల్చుకునేదాన్ని. లోపల నుంచి ఉండుండి ఒక గొణుగుడు వినబడేది. దేవుడి నాలుగక్షరాల పేరు వచ్చిన ప్రతిచోటా, కలం పెట్టే ముందు, దీన్ని దీని పవిత్రత కోసమే రాస్తున్నాను అని నోటితో అనుకోవాలి. అనకపోయినా, అని మనసు వేరేచోట పెట్టుకున్నా ఆ పేరు చెల్లదు. చూడటానికి అన్ని పేర్లలాగే ఉంటుంది, తేడా రాసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. పోనీ చెరిపి మళ్ళీ రాద్దామా అంటే, దేవుడి పేరు చెరపకూడదు. ఆ తోలు మొత్తం విప్పదీసి మట్టిలో పాతిపెట్టాలి. ఇవన్నీ నేను తర్వాత నేర్చుకున్నవి. అప్పట్లో ఆ గొణుగుడు నాకు మూత కింద అన్నం ఉడుకుతున్న చప్పుడుతో సమానం.

మా అమ్నూన్ ఒక్కగానొక్కడు. ముగ్గురు పురిట్లోనే పోయాక దక్కినవాడు. పదేళ్ళప్పటి నుంచి తండ్రి పక్కన బల్ల దగ్గర కూర్చుని కలం చెక్కడం, గీతలు గీయడం, అక్షరాలు దిద్దడం నేర్చుకున్నాడు. వాడి చెయ్యి తన చెయ్యి కంటే బాగుందని ఆయనే ఒకసారి నా దగ్గర ఒప్పుకున్నాడు. ఆ మాట వాడితో అనొచ్చు కదా? అంటే నోటి ముత్యాలు రాలిపోతాయి. తన తర్వాత ఈ ఊళ్ళో తోరా రాసేది వీడేనని ఆశ పెట్టుకున్నాడు, ఆ ఆశ కూడా వాడితో చెప్పలేదు.

అంతలో యుద్ధం వచ్చింది. అమ్నూన్ అప్పటికి ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆ ఫ్యాక్టరీ వాళ్ళను సైన్యంలోకి తీసుకోరు. నేను లోలోపల దేవుడికి దండం పెట్టుకుంటుంటే, వీడు ఇద్దరు స్నేహితులతో కలిసి తనంతట తానే వెళ్ళి పేరు రాయించుకుని వచ్చాడు. పందొమ్మిది వందల నలభై రెండు ఏప్రిల్‌లో. ఇంట్లో ఒక్క మాట అడగలేదు. ఆయన తిట్టలేదు, చెయ్యెత్తలేదు. కొడుకుతో మాట్లాడటం మానేశాడు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం పొద్దుగూకే వేళ తండ్రి కొడుకు తల మీద చెయ్యి పెట్టి దీవించడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. దేవుడు నిన్ను కాపాడాలి, దయగా నీ వైపు చూడాలి, నీకు శాంతి ఇవ్వాలి అని మూడు వరసల దీవెన. ఆ శుక్రవారం వాడు తల వంచుకుని నిలబడితే, ఆయన చేతులు కడుక్కోవాలన్నట్టు లేచి వెళ్ళిపోయాడు. మరుసటి వారమూ అంతే. ఐదు శుక్రవారాలు అలా గడిచాయి. మీ ఇద్దరి పంతాల మధ్య నేను నలిగి చస్తున్నానని గిన్నెలు ఎత్తి కుదేశాను. తండ్రీ కొడుకులిద్దరూ ఒకే రకంగా తలలు దించుకుని బఖ్ష్ తిన్నారు. కొత్తిమీర దట్టంగా వేసి, కాలేయం ముక్కలు కలిపి వండిన అన్నం. వాడికది ప్రాణం.

ఆరో వారం మంగళవారం, మిట్టమధ్యాహ్నం, అమ్నూన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. రైలు ఆ రోజే అని అప్పటికప్పుడు చెప్పారట. సందు చివర లారీ నిలబడి ఉంది, పది నిమిషాలు ఇచ్చారు. నేను పొయ్యిలోంచి తీసిన రొట్టెలు తీసినట్టే గుడ్డలో మూటకట్టాను. వాడు గదిలోకి వెళ్ళాడు. ఆయన కిటికీ వైపు తిరిగి రాసుకుంటున్నాడు. వాడు వెళ్ళి ఆయన వెనకాల తల వంచుకుని నిలబడ్డాడు. చెయ్యి పెట్టించుకోవడానికి వచ్చాడు నా బిడ్డ.

ఆయన గొణుక్కోవడం వినబడింది. దేవుడి పేరులో ఉన్నాడు, కాస్త ఆగమని గుమ్మంలోంచే వాడికి సైగ చేశాను. వాడు ఆగాడు. లారీ హారన్ కొట్టారు. వాడు ఇంకా ఆగాడు. మళ్ళీ ఆ గొణుగుడు వినబడింది. అప్పుడు వాడు తలెత్తి తండ్రి వీపు వంక చూశాడు.

“వెళ్ళొస్తాను నాన్నా.”

తోలు మీద కలం గీసుకుంటున్న చప్పుడు ఆగలేదు. నేను మూట పట్టుకుని సందులో వాడి వెంట పరిగెత్తాను. మనసులో ఏమీ పెట్టుకోకురా, మీ నాన్న దేవుడి పేరు రాస్తున్నాడు, రాజొచ్చినా పలకకూడదు కదా, అని సర్దిచెప్పాను. వాడు మూట అందుకుని ముక్కుకు ఆనించి వాసన చూశాడు.

“రెండోసారి కూడా అన్నాడమ్మా,” అన్నాడు.

అంతే. లారీ ఎక్కేశాడు.

ఆ మాటకు నేను చెప్పుకున్న అర్థం వినండి. కన్నకొడుకు యుద్ధానికి పోతున్నా చెదరకుండా, ఒకటికి రెండుసార్లు ఆ పవిత్రమైన మాట అనుకుని మరీ రాస్తున్నాడు మా నాన్న, ఎంత నిష్ఠ, అని కొడుకు మురిసిపోయాడని. అర్థం చేసుకునే తలకాయ దేవుడు నాకు ఇవ్వలేదు.

మరుసటి ఏడాది చలికాలం మొదట్లో సైన్యం నుంచి చావు కబురు, నల్ల ఉత్తరం వచ్చింది. ఏదో నది దాటుతుండగా అని ఉంది. ఎక్కడ పాతిపెట్టారో, అసలు పాతిపెట్టడానికి ఏమైనా దొరికిందో లేదో రాయలేదు. మా ఆచారం ప్రకారం ఏడు రోజులు నేల మీద కూర్చున్నాం. వచ్చిన ప్రతి మనిషికీ నేను ఆ మంగళవారం సంగతే చెప్పాను. తండ్రి పలకలేదని ఎవరైనా వేలెత్తి చూపిస్తారేమోనని ముందే చెప్పుకున్నాననుకోండి. కానీ వాళ్ళు ఆయన్ను చూసి చేతులు జోడించారు. అది నాకు నచ్చింది. కొడుకు పోయిన ఇంట్లో పట్టుకోవడానికి అదొక్కటే దొరికింది. మగవాళ్ళు రాజొచ్చినా పలకకూడదన్న మాట దాకా విని తలాడించి వెళ్ళిపోయేవాళ్ళు. ఆడవాళ్ళకైతే చివర్లో వాడి మాట కూడా చెప్పి ఏడ్చేదాన్ని. నేను ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, ఎక్కడున్నా సరే, ఆయన లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. పాపం బెంగ, వినలేకపోతున్నాడు అనుకునేదాన్ని. పక్కింటి ఫ్రేహో ఒకసారి టీ పోస్తూ, వదినా నీ కథ నాకు కంఠతా వచ్చేసింది, నువ్వు గుక్క తిప్పుకో, మిగతాది నేను చెబుతాను అంది. దానితో నెల రోజులు మాట్లాడలేదు.

పుస్తకం యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది పూర్తయింది. ఆయన ఏ పుస్తకానికీ పేరు పెట్టించుకోలేదు కానీ, ఇది అమ్నూన్ పేరున మందిరానికి ఇద్దామని నేనే పట్టుబట్టాను. దాన్ని నిలబెట్టే చెక్క పెట్టెకు నా గాజులు కరిగించి వెండి రేకు చేయించాను. రేకు మీద వాడి పేరు. నాకు చదవడం రాకపోయినా ఆ అక్షరాలు మాత్రం వేలితో తడిమి గుర్తుపడతాను. మందిరం ఊడ్చే పని అడిగి మరీ తీసుకున్నాను, ఎందుకంటే ఊడ్చేవాళ్ళు పెట్టె దగ్గరకు వెళ్ళొచ్చు. రోజూ చీపురు పక్కన పెట్టి, ఆ పేరు తుడిచి, రొట్టె తిన్నావా నాన్నా అని అడిగి వచ్చేదాన్ని. వాడికి సమాధి లేదు. నాకున్నది అదే.

ఆయన ఇంకో పుస్తకం మొదలుపెట్టలేదు. చెయ్యి వణకడం మొదలైందన్నాడు, నిజంగానే వణికేది. ఇంకో సంగతి కూడా ఉంది, అప్పట్లో పట్టించుకోలేదు. ఏటా వేసవి మొదట్లో మా వారాల పండుగ దాటాక వచ్చే ఒక సబ్బాతునాడు, అంటే శనివారం ప్రార్థననాడు, ఆయనకు తప్పకుండా ఒంట్లో బాగుండేది కాదు. మందిరానికి వచ్చేవాడు కాదు.

యాభై నాలుగులో ఆ సబ్బాతు వచ్చింది. మా పెద్దాయన ముల్లో యెహీల్, అంటే పేటలో ధర్మసందేహాలు తీర్చేవాడు, మనిషిని పంపి మరీ ఆయన్ను రప్పించాడు. నేను తెర వెనక ఆడవాళ్ళలో ఉన్నాను. వెండి రేకు పెట్టె తెచ్చి బల్ల మీద నిలబెట్టారు. కుర్రాళ్ళ వైపు తిరిగి ముల్లో యెహీల్ నా కథే చెప్పాడు, ఎంత బాగా చెప్పాడని. కొడుకు రైలెక్కబోతున్నా దేవుడి పేరు సగంలో వదలని మనిషి ఈయన, ఈయన చేతిరాతే మనం చదవబోతున్నాం అన్నాడు. గర్వంతో నాకు కళ్ళు మసకలయ్యాయి.

“చదవొద్దు,” అన్నాడు మా ఆయన.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన బల్ల అంచు పట్టుకుని, మెల్లగా, బూటుకు మేకులు కొట్టినట్టు ఒక్కో మాటా దిగేట్టు చెప్పాడు.

“మొదటి పేరు రాయడం అయిపోయింది. దాని తర్వాత మామూలు మాటలు. అక్కడ కలం ఆపొచ్చు, తిరగొచ్చు, పలకొచ్చు. వాడు వెనకాలే ఉన్నాడు, ఊపిరి వినబడుతోంది. నిలబడనీ ఇంకాసేపు, అనుకున్నాను. తిరగకుండా ఉండటానికే రెండో పేరు మొదలుపెట్టాను. నోటితో పవిత్రత కోసం అన్నాను. రాసింది కోపం కోసం. మూడో పేరు దగ్గరికి వచ్చేసరికి వాడు లేడు.”

ఏ చోటని ముల్లో యెహీల్ అడిగాడు. శుక్రవారపు దీవెన అని చెప్పాడు ఆయన. వాడి తల మీద అనాల్సిన మాటలే ఆ రోజు తోలు మీద రాస్తున్నాడు. అదే ఆ సబ్బాతునాడు చదివే భాగం. ఆ తోలు విప్పదీసి పాతిపెట్టండి అని చేతులు జోడించాడు.

తోలు తీసేస్తే దాని చోట ఇంకోటి రాసి కుట్టేవాడు ఊళ్ళో లేడు. ఈయన చెయ్యి టీ గిన్నె కూడా ఒలకకుండా పట్టుకోలేదు. తోలు లేని పుస్తకాన్ని చదవరు. చదవని పుస్తకాన్ని మూల పడేస్తారు, ఏదో ఒక రోజు చివికిన పుస్తకాలతో కలిపి మట్టి కప్పేస్తారు, పెట్టె, రేకు, పేరు అన్నీ పోతాయి. నాకింకేమీ తోచలేదు. తెర పక్కకు లాగి కేకలు పెట్టాను. రాత్రి నుంచీ జ్వరం, కొడుకు బెంగతో మతి చెదిరింది, ఆయన మాటలు పట్టించుకోకండి అన్నాను. ఆయనకు జ్వరం లేదు. ఆయన నా వంక చూశాడు.

ముల్లో యెహీల్ మా ఆయన వైపు తిరిగాడు. పుస్తకం నీ చేతిలో ఉండగా ఈ మాట చెప్పి ఉంటే నమ్మి తీరేవాళ్ళం, అన్నాడు. చెయ్యి దాటి మందిరానికి వచ్చాక, పేర్లు రాసిన తీరు గురించి రాసినవాడి ఒక్కడి మాట మీద పుస్తకాన్ని కాదనడానికి వీల్లేదు, ధర్మం అలాగే ఉంది. నువ్వు చెప్పింది చెల్లదు పిన్హాస్, అని పెట్టె తెరిచాడు. దీవెన చదువుతున్నంతసేపూ మా ఆయన బయట మల్బరీ చెట్టు కింద నిలబడ్డాడు.

ఇంటికి నడుస్తుంటే, పుస్తకం మీ చేతిలో నాలుగేళ్ళుందిగా, అప్పుడెందుకు ఆ మాట చెప్పి ఏడవలేదని ఆయన మీద విరుచుకుపడ్డాను. మొదట్లో సిగ్గు వేసిందన్నాడు. ఉత్తరం వచ్చాక, వాడు వెనక నిలబడి ఉండగా రాసిన తోలు అది, పాతిపెట్టడానికి చెయ్యి రాలేదన్నాడు. ఆ తర్వాత నడక ఆపి నా కొంగు పట్టుకున్నాడు. పెళ్ళైనప్పటి నుంచీ వీధిలో ఎన్నడూ పట్టుకోలేదు.

“నువ్వు చెప్పు సీవ్యో. అమ్నూన్ నీతో ఏమన్నాడో ముల్లోకి చెప్పు. ‘రెండోసారి కూడా అన్నాడు’ అన్నాడుగా. వాడికి తెలుసు. రెండు పేర్ల మధ్యలో నేను తిరగొచ్చని వాడికి తెలుసు. పదేళ్ళు నా పక్కన కూర్చున్నాడు.”

అప్పుడు అర్థమైంది. వాడు మురిసిపోలేదు. నాన్న కావాలనే తిరగలేదని తెలిసి లారీ ఎక్కాడు. ఆ మాటను నేను పదేళ్ళకు పైగా ఆయన ఎదుటే, వచ్చినవాళ్ళందరికీ టీ ఇచ్చి మరీ, ఏడుస్తూ చెప్పాను. ప్రతిసారీ ఆయన గుండెల్లో గునపం దింపాను. ఆయన లేచి బయటికి వెళ్ళి, తిరిగి వచ్చి, నేను పెట్టిన అన్నం తిన్నాడు.

అయినా నేను చెప్పనన్నాను. ఆయన మీద జాలి లేక కాదు. జాలి, కోపం రెండూ ఉన్నాయి. వాణ్ణి ఒకసారి వీపు చూపించి పంపించారు, ఇప్పుడు నా చేత మట్టి కూడా వేయిస్తారా అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ వేసవంతా ఆయన అడుగుతూనే ఉన్నాడు. గట్టిగా కాదు. అన్నం ముందు కూర్చుని, వెళ్ళావా అనేవాడు. లేదనేదాన్ని. పేటలో జనం మాత్రం నేను వేసిన కేకలే నమ్మారు. ముసలాయనకు కొడుకు దిగులుతో మతి పోయింది, లేని పాపం నెత్తిన వేసుకుంటున్నాడు, ఎంత మంచివాడో చూడండి అన్నారు. దారిలో కనబడితే వంగి నమస్కారాలు చేశారు. ఆయన తప్పు చేశానని చెప్పినకొద్దీ వాళ్ళ దృష్టిలో ఇంకా పెద్దవాడైపోయాడు. ద్రాక్షలు కోసే రోజుల్లో మంచం పట్టాడు. చివరి మధ్యాహ్నం నేను నోట్లో నీళ్ళు పోస్తుంటే, “పుస్తకం సంగతి పోనీ. నేను చేశానని నువ్వైనా ఎవరితోనైనా అను,” అన్నాడు. నేను కొంగుతో ఆయన గడ్డం తుడిచి, నిద్రపొండి అన్నాను. పొద్దు వాలకముందే పోయాడు.

ఏడు రోజులూ అయ్యాక ముల్లో యెహీల్ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో నిలబడే మొత్తం చెప్పాను. ఆయనకు జ్వరం లేదని, నేను అబద్ధమాడానని, అమ్నూన్ ఏమన్నాడో, దాని అర్థం ఏమిటో. ఇక పుస్తకం తీసేస్తారని, అందుకు సిద్ధపడే వెళ్ళాను. పొద్దున్నే పెట్టె దగ్గర చివరిసారిగా పేరు తడిమి వచ్చాను కూడా.

ముల్లో నన్ను కూర్చోమని, నీళ్ళు తెప్పించాడు.

“చెల్లెమ్మా, పోయిన పిల్లాడు అన్న మాట, అదీ తల్లి నోట విన్నది, సాక్ష్యం కిందకు రాదు. పుస్తకం ఎక్కడికీ పోదు. నువ్వు బెంగ పెట్టుకోకు. ఆయన బతికుండగా వచ్చి చెప్పినా నేను ఇదే చెప్పేవాణ్ణి.”

నన్ను ఓదార్చడానికే అన్నాడు పాపం. నేను లేచి ఇంటికి వచ్చేశాను.

వేసవిలోనే చెప్పి ఉంటే పెట్టె అక్కడే ఉండేది. వాడి పేరు అక్కడే ఉండేది. నాకు పోయేది ఏమీ లేదు. అవును, మీరు చేశారు, నాకు తెలుసు అని ఒక్కరైనా పక్కన నిలబడి అన్నారన్న తృప్తితో ఆయన కళ్ళు మూసేవాడు. ఆ ఒక్క మాట నేను అనలేదు.